రోడ్డు మీద చనిపోతున్నది ఎవరు? ప్రమాదాల డేటా నుంచి ఆ లెక్క తేల్చుకోవడం ఎలా

"రోడ్డు ప్రమాదాల్లో నిరుడు ఇంతమంది మృతి" అన్న వార్త ఏటా వస్తుంది. పెద్ద సంఖ్య ఒకటి, దాని కింద అంతకుముందు ఏడాదికన్నా పెరిగిందా తగ్గిందా అన్న ముక్క ఒకటి. అంతటితో పేజీ తిప్పేస్తాం. కానీ ఆ సంఖ్యలో ఉన్నవాళ్లంతా ఒకేలా చనిపోలేదు. ఒకరు నడిచి రోడ్డు దాటుతున్నారు. ఒకరు బైకు వెనక సీట్లో కూర్చున్నారు. ఒకరు కారులో బెల్టు పెట్టుకోకుండా నిద్రపోతున్నారు. మొదటివారిని కాపాడేది వాహనాల వేగం తగ్గించడం, రెండోవారిని హెల్మెట్, మూడోవారిని సీటు బెల్టు. మొత్తం సంఖ్య ఎంత పెద్దదైనా ఈ మూడింటిలో దేనికి ముందు డబ్బు పెట్టాలో చెప్పదు. చనిపోయింది ఎవరో తెలిస్తేనే ఆ మాట మొదలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్లపై సుమారు 11 లక్షల 90 వేల మంది చనిపోయారు. వాళ్లలో కార్లు, తేలికపాటి నాలుగు చక్రాల వాహనాల్లో ఉన్నవాళ్లు 30 శాతం. పాదచారులు 23 శాతం. మోటారు సైకిళ్లు, ఆటోల వంటి రెండు, మూడు చక్రాల బండ్ల మీద ఉన్నవాళ్లు 21 శాతం. సైకిలు తొక్కేవాళ్లు 6 శాతం, ఈ-స్కూటర్ల లాంటి చిన్న బండ్లవాళ్లు 3 శాతం. పాదచారుల నుంచి ఈ-స్కూటర్ల వరకు కలిపితే 53 శాతం. అంటే చనిపోయినవాళ్లలో సగానికి పైగా ఒంటికి అడ్డుగా ఇనుప రేకు లేనివాళ్లే.

ఈ లెక్కలు ఎవరూ దాచిపెట్టలేదు. చాలా దేశాలు ఏటా బయటపెడతాయి, కొన్ని దేశాలైతే ఒక్కో మనిషికి ఒక్కో వరుస చొప్పున మొత్తం ఫైలునే ఉచితంగా ఇస్తాయి. తీసుకుని సరిగ్గా చదవడమే మిగిలింది. అందులో జారిపోయే చోట్లు చాలానే ఉన్నాయి. కొన్నిచోట్ల నేనూ జారాను కాబట్టి ఈ గైడు రాస్తున్నాను. ఎక్సెల్ లాంటి షీటు తెరిచి, ఫిల్టరు పెట్టడం, పివట్ టేబుల్ వెయ్యడం వస్తే చాలు. ప్రోగ్రామింగ్ అక్కర్లేదు.

1. ముందు ప్రశ్న రాసుకోండి

ఫైలు డౌన్‌లోడ్ చెయ్యకముందే ఒక కాగితం మీద మీ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయండి. "పాదచారుల మరణాలు పెరుగుతున్నాయా?" ఒక ప్రశ్న. "నడవడం ఎంత ప్రమాదకరం?" వేరే ప్రశ్న. "పాదచారులను ఢీకొడుతున్నవి ఏ వాహనాలు?" మూడోది. మొదటిదానికి మరణాల సంఖ్య చాలు. రెండోదానికి జనం ఎంత దూరం నడుస్తున్నారో కూడా కావాలి. మూడోదానికి చనిపోయిన మనిషి వరుసనూ, ఢీకొన్న వాహనం వరుసనూ జతచెయ్యాలి. ప్రశ్న రాసుకోకుండా ఫైలు తెరిస్తే, ఫైలులో తేలిగ్గా దొరికే సంఖ్యే మన ప్రశ్నకు జవాబు అనుకుంటాం.

2. లెక్క ఎవరు రాశారో చూడండి

రోడ్డు మరణాల డేటా మూడు దారుల్లో వస్తుంది.

మొదటిది పోలీసు రికార్డు. ఘటనా స్థలానికి వెళ్లినవాళ్లు నింపిన ఫారం దీనికి ఆధారం. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ బండి దేన్ని ఢీకొట్టింది అన్న వివరాలు ఇందులోనే బాగా ఉంటాయి. లోటు ఏమిటంటే, పోలీసుల దాకా రాని మరణం ఇందులో ఉండదు. సైకిలు మీద వెళ్తూ ఎవరూ ఢీకొట్టకుండానే జారిపడి, ఇంటికి వెళ్లి, నాలుగు రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయిన పెద్దాయన ఈ లెక్కకు అందకపోయే అవకాశం చాలా ఎక్కువ.

రెండోది మరణాల నమోదు, అంటే డాక్టరు ఇచ్చే మరణ కారణ ధ్రువపత్రం. చాలా దేశాలు వాడే రోగాల వర్గీకరణ పదో కూర్పులో రవాణా ప్రమాదాలన్నీ 'వి' అక్షరంతో మొదలవుతాయి. వి01 నుంచి వి09 వరకు పాదచారులు, వి10 నుంచి వి19 వరకు సైకిలు, వి20లు మోటారు సైకిలు, వి30లు మూడు చక్రాల బండి, వి40లు కారు, వి50లు పికప్ ట్రక్కు, వ్యాన్, వి60లు భారీ లారీలు, వి70లు బస్సు. ఈ అమరికను గుర్తుపెట్టుకోండి: మొదటి అంకె చనిపోయిన మనిషి దేని మీద ఉన్నాడో చెబుతుంది, రెండో అంకె ఎదురుగా వచ్చింది ఏమిటో చెబుతుంది. వి03 అంటే కారో వ్యానో ఢీకొన్న పాదచారి. చాలా తెలివైన పద్ధతి ఇది. కానీ డాక్టరుకు ప్రమాదం ఎలా జరిగిందో తెలియనప్పుడు వి89 అని, అంటే 'వివరం తెలియని వాహన ప్రమాదం' అని రాసేస్తారు. ఆ కోడు కింద ఎక్కువమంది పడి ఉన్న దేశంలో మిగతా వర్గాల సంఖ్యలన్నీ అసలుకన్నా తక్కువే.

మూడోది అంచనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంటివి, మరణాల నమోదు అరకొరగా ఉన్న దేశాలకు గణిత పద్ధతులతో సంఖ్యను అంచనా కడతాయి. తేడా ఎంత ఉంటుందో చూడండి: 2021కి భారత ప్రభుత్వం పోలీసు రికార్డుల ఆధారంగా ప్రకటించిన మృతులు 1,53,972 మంది. అదే ఏడాదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 2 లక్షలు దాటింది. రెండూ ఒకే దేశం, ఒకే ఏడాది. ఒక ఏడాదికి పోలీసు లెక్క, మరో ఏడాదికి అంచనా తీసుకుని "పెరిగింది" అని గీత గీస్తే అది పచ్చి అబద్ధం అవుతుంది, మీరు ఒక్క అంకె కూడా మార్చకపోయినా.

నెదర్లాండ్స్ గణాంక శాఖ ఈ చిక్కును దాటిన తీరు నాకు చాలా నచ్చుతుంది. వాళ్లు మరణ ధ్రువపత్రాలు, అసహజ మరణాలపై న్యాయవిభాగం ఫైళ్లు, పోలీసు రికార్డు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి మనిషి మనిషినీ సరిపోల్చి లెక్క తేలుస్తారు. అందుకే జారిపడి చనిపోయిన సైకిలిస్టులు కూడా అక్కడి లెక్కలో కనిపిస్తారు.

3. "మరణం" అంటే ఎన్ని రోజుల్లోపు?

దెబ్బ తగిలిన 30 రోజుల్లోపు చనిపోతే రోడ్డు మరణం, అన్నది ఇప్పుడు చాలా దేశాలు పాటించే నియమం. ఎప్పుడూ ఇలా లేదు. ఫ్రాన్స్ 2005కు ముందు 6 రోజులే లెక్కపెట్టేది. ఇటలీ 1999కి ముందు 7 రోజులు, స్పెయిన్ 1993కి ముందు 24 గంటలు. జపాన్ పోలీసులు ఇప్పటికీ 24 గంటల సంఖ్య ఒకటి, 30 రోజుల సంఖ్య ఒకటి రెండూ ఇస్తారు. పత్రికల్లో శీర్షికకెక్కేది ఎక్కువగా మొదటిదే.

పాత సంఖ్యలను 30 రోజుల లెక్కకు మార్చడానికి యూరప్‌లో ఒక గుణకాల పట్టిక వాడేవారు: 24 గంటల లెక్క అయితే 1.30తో, 3 రోజులదైతే 1.15తో, 7 రోజులదైతే 1.08తో గుణించాలి. దెబ్బ తగిలిన ఏడాదిలోపు మరణాలన్నీ లెక్కపెట్టే చోట 0.97తో. కానీ ఈ గుణకం అందరికీ కలిపి కట్టిన సగటు. వయసు మళ్లినవాళ్లు దెబ్బ తగిలాక ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉండి చనిపోవడం ఎక్కువ. పాదచారుల మృతుల్లో పెద్దవాళ్ల వాటా కూడా ఎక్కువ. కాబట్టి పాదచారుల వర్గానికి అదే గుణకం వేసి ఇంత అని తేల్చెయ్యకండి.

స్థలం నియమమూ చూడండి. అమెరికా ప్రాణాంతక ప్రమాదాల ఫైలులో ప్రజలు తిరిగే రోడ్లే ఉంటాయి. ఇంటి ముందు సొంత జాగాలో వెనక్కి వస్తున్న కారు కింద పడిన పసిబిడ్డ ఆ ఫైలులో ఉండదు. స్వీడన్ 2010 నుంచి ఆత్మహత్యలను రోడ్డు మరణాల లెక్క నుంచి తీసేసింది. ఇవన్నీ ఫైలుతో పాటు వచ్చే వివరణ పత్రంలో ఉంటాయి. విసుగనిపించినా ఆ పత్రంలో కనీసం నిర్వచనాల పేజీలు చదవండి. అరగంట పడుతుంది, ఆ తర్వాత వారం రోజుల పని ఆదా అవుతుంది.

4. ఎవరు ఏ గడిలో పడతారో తెలుసుకోండి

నేను ఎక్కువసేపు ఆగమనేది ఇక్కడే. 'పాదచారి' అన్న మాట అందరికీ తెలిసినట్టే ఉంటుంది. బ్రిటన్ పోలీసు డేటా నిర్వచనం చూడండి. సైకిలు దిగి తోసుకుంటూ వెళ్తున్న మనిషి అక్కడ పాదచారి. చక్రాల కుర్చీలో ఉన్నవారు పాదచారి. తోపుడుబండిలో పడుకున్న పసిపాప పాదచారి. గొర్రెలను తోలుకెళ్తున్న మనిషి పాదచారి. బస్సులోంచి క్షేమంగా దిగి, ఆ తర్వాత ఇంకో వాహనం ఢీకొంటే ఆ ప్రయాణికురాలూ పాదచారే.

ఈ చివరిది మళ్లీ చదవండి. బస్సు దిగి, ఆగివున్న బస్సు ముందునుంచి రోడ్డు దాటబోయి చనిపోయిన మనిషి 'బస్సు ప్రయాణికులు' గడిలో ఉండదు. బస్సు ప్రయాణం ఎంత భద్రమో చెప్పే పట్టికలో ఆమె లేనే లేదు. కానీ ఆ స్టాపు ఎక్కడ పెట్టారు, దాటడానికి దారి ఎక్కడ ఇచ్చారు అన్నదే ఆమె చావుకు కారణం కావచ్చు. డేటా తప్పేమీ చెప్పలేదు, నిర్వచనం ప్రకారమే నడిచింది. మనం అడగాల్సిన ప్రశ్న మాత్రం ఆ గడికి అవతల ఉండిపోయింది.

మిగతా గడులూ ఇంతే. మోటారు సైకిలు నడిపేవారు, వెనక కూర్చున్నవారు ఒకే గడిలోనా, వేరువేరుగానా? హెల్మెట్ గురించి రాసేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. ఆటో ప్రయాణికులు ద్విచక్ర వాహనాలతో కలిసిపోయారా? మోటారు ఉన్న సైకిలు సైకిళ్లలో పడిందా, మోపెడ్లలో పడిందా? ఈ-స్కూటర్లు కొత్తగా వచ్చిన చోట చాలాకాలం 'ఇతర వాహనాలు' గడిలోనే ఉండిపోయాయి. తర్వాత విడిగా ఒక గడి ఇవ్వగానే, ఆ ఏడాది నుంచే అవి మనుషులను చంపడం మొదలుపెట్టినట్టు గ్రాఫులో కనిపిస్తుంది.

ఇంకో పెద్ద పొరపాటు ఉంది. పట్టికలో 'లారీలు: ఇంతమంది' అని ఉంటే, అది లారీలో ఉండి చనిపోయినవాళ్లా, లారీ ఢీకొని చనిపోయినవాళ్లా? రెండు రకాల పట్టికలూ ఒకే నివేదికలో, ఒక్కోసారి పక్కపక్క పేజీల్లోనే ఉంటాయి. భారత వార్షిక నివేదికలో మృతులు దేని మీద ప్రయాణిస్తున్నారో ఒక పట్టికలో, ఢీకొట్టిన వాహనం ఏదో మరో పట్టికలో ఉంటాయి. 2022లో ఆ దేశంలో మొత్తం 1,68,491 మంది చనిపోతే వాళ్లలో ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు 44.5 శాతం, పాదచారులు 19.5 శాతం. ఇది మృతుల లెక్క. "ద్విచక్ర వాహనాలు 44.5 శాతం మందిని బలి తీసుకున్నాయి" అని రాస్తే చనిపోయినవాళ్లను చంపినవాళ్లుగా మార్చినట్టు. ఈ తప్పు అచ్చులో చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

5. ఫైలు తెరిచి మనుషులను లెక్కపెట్టండి

సాధన కోసం బ్రిటన్ డేటా మంచిది, 1979 నుంచి ఉంది. మూడు ఫైళ్లు వస్తాయి: ప్రమాదాలు, వాహనాలు, బాధితులు. ఒక ప్రమాదానికి ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, మూడు ఫైళ్లలోనూ అదే ఉంటుంది.

బాధితుల ఫైలు తెరవండి. ఒక వరుస అంటే ఒక మనిషి. దెబ్బ తీవ్రత చెప్పే కాలమ్‌లో 1 అంటే మరణం, 2 అంటే తీవ్ర గాయం, 3 అంటే స్వల్ప గాయం. ఫిల్టరు పెట్టి 1 ఒక్కటే ఉంచండి. లక్షకు పైగా ఉన్న వరుసలు ఒక్కసారిగా పదహారు, పదిహేడు వందలకు పడిపోతాయి. ఇప్పుడు బాధితుడి రకం కాలమ్ మీద పివట్ టేబుల్ వెయ్యండి. 0 పాదచారి, 1 సైకిలు, 2 నుంచి 5 వరకు ఇంజిను సైజును బట్టి మోటారు సైకిళ్లు, 9 కారు, 11 బస్సు, 19 వ్యాన్, 21 భారీ లారీ. 2023 ఫైలైతే మొత్తం 1,624, అందులో పాదచారులు 405, మోటారు సైకిళ్లవాళ్లు 315, సైకిలిస్టులు 87 దగ్గరకు రావాలి. ప్రభుత్వం ప్రకటించిన సంఖ్యతో మీ సంఖ్య సరిపోతే మీ ఫిల్టర్లు సరిగ్గా ఉన్నట్టే. సరిపోయే దాకా ముందుకు వెళ్లకండి.

అమెరికా ఫైలు 1975 నుంచి ఉంది. అందులో కనీసం ఒకరైనా చనిపోయిన ప్రమాదాలే ఉంటాయి, కానీ ఆ ప్రమాదంలో బతికినవాళ్ల వరుసలు కూడా ఉంటాయి. వ్యక్తుల ఫైలులో వరుసలన్నీ లెక్కపెట్టి మరణాలనుకుంటే సంఖ్య దారుణంగా పెరిగిపోతుంది. అక్కడ గాయం తీవ్రతలో 4 అంటే మరణం. వ్యక్తి రకంలో 1 డ్రైవరు, 2 ప్రయాణికుడు, 5 పాదచారి, 6 సైకిలిస్టు. గమనించారా, మోటారు సైకిలుకు విడి కోడు లేదు. బైకు నడిపేవాడు కూడా అక్కడ డ్రైవరే. అతన్ని విడదీయాలంటే వాహనం బాడీ రకం చూడాలి: 80లతో మొదలయ్యేవి మోటారు సైకిళ్లు.

ఇక నేను చేసిన తప్పు. మొదట్లో ఒకసారి బాధితుల ఫైలును వాహనాల ఫైలుతో ప్రమాదం సంఖ్య మీద జతచేశాను. ఒక ప్రమాదంలో మూడు వాహనాలుంటే చనిపోయిన ఒక్క మనిషి మూడు వరుసలయ్యాడు. గ్రాఫు గీసి ఇద్దరికి పంపేశాను కూడా. వాళ్లలో ఒకరు "నీ మొత్తం ప్రభుత్వం చెప్పినదానికన్నా ఎక్కువ ఎలా వచ్చింది?" అని అడిగారు. ఆ ప్రశ్న నేను నన్ను ముందే అడగాల్సింది. అప్పటినుంచి జతచేసే ముందు మరణాల సంఖ్య, చేశాక మరణాల సంఖ్య రెండూ రాసుకుంటాను. రెండూ ఒకటి కాకపోతే అక్కడే ఆగిపోతాను.

6. ఎవరిని ఏది ఢీకొట్టిందో గళ్ల పట్టిక వెయ్యండి

చనిపోయినవారి రకం అడ్డంగా, ఎదుటి వాహనం నిలువుగా పెట్టి ఒక పట్టిక వెయ్యండి. నిలువులో చివర 'ఎదుటి వాహనం లేదు' అన్న గడి తప్పక ఉంచండి. చెట్టునో స్తంభాన్నో కొట్టుకున్న కారు, మలుపులో జారిన బైకు అందులోకి వస్తాయి. బ్రిటన్ ఫైలులో పాదచారి వరుసలో ఉండే వాహనం సంఖ్య అతన్ని ఢీకొన్న వాహనానిది. అమెరికా ఫైలులో పాదచారికి వాహనం సంఖ్య 0 ఉంటుంది, ఢీకొన్న వాహనం సంఖ్య వేరే కాలమ్‌లో ఉంటుంది.

ఈ పట్టిక వేసినప్పుడు మొదటిసారి లెక్కల్లో వాహనాల బరువు కనిపిస్తుంది. అమెరికాలో భారీ లారీలున్న ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో పదింట ఏడుగురు ఎదుటి వాహనాల్లో ఉన్నవాళ్లు. లారీలో ఉన్నవాళ్లు ఇద్దరికన్నా తక్కువ. 'లారీ ప్రయాణికులు' అన్న వరుస ఒక్కటే చూస్తే లారీ చాలా భద్రమైన బండి. లోపల ఉన్నవారికి భద్రం, ఎదుటివారికి కాదు. పాదచారులు, సైకిలిస్టుల సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాళ్లు చనిపోయిన వరుసల్లో ఎక్కువ, ఇంకొకరి చావుకు కారణమైన వరుసల్లో దాదాపు ఖాళీ.

వీలైతే ఇదే పట్టికను ఊరి వీధులకు ఒకటి, బయటి రోడ్లకు ఒకటి వెయ్యండి. యూరోపియన్ యూనియన్‌లో మొత్తం మృతుల్లో కార్లవాళ్లే పెద్ద వర్గం. పట్టణ వీధులు మాత్రమే తీసుకుంటే పాదచారులు, సైకిలిస్టులు, మోటారు సైకిళ్లవాళ్లు కలిసి దాదాపు 70 శాతానికి చేరతారు. దేశం మొత్తం సగటు చూసి నగరానికి ప్రణాళిక వేస్తే పది మందిలో ఏడుగురిని మరచిపోయినట్టే.

7. భాగహారం చేసేముందు ఆలోచించండి

2023లో నెదర్లాండ్స్‌లో 684 మంది చనిపోతే వాళ్లలో 270 మంది సైకిలు మీద ఉన్నవాళ్లు. అంటే దాదాపు 40 శాతం. అదే ఏడాది బ్రిటన్‌లో సైకిలిస్టుల వాటా 5 శాతం. ఇది చూసి నెదర్లాండ్స్‌లో సైకిలు తొక్కడం బ్రిటన్‌కన్నా ఎనిమిది రెట్లు ప్రమాదకరం అంటే నవ్విపోతారు. అక్కడ పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా రోజూ సైకిలే, అది తేడా. వాటా అన్నది ప్రమాదానికి కొలత కాదు. చనిపోయినవాళ్లలో ఎవరెంత అన్నంతవరకే అది చెబుతుంది.

ప్రమాదం కొలవాలంటే కింద ఏదో ఒకటి పెట్టి భాగించాలి. లక్ష జనాభాకు ఎంతమంది అన్నది ఆరోగ్య సమస్యగా ఎంత పెద్దదో చెబుతుంది. మలేరియాతోనో గుండెపోటుతోనో పోల్చడానికి ఇది సరైనది. పది వేల వాహనాలకు ఎంతమంది అన్నది నాకు నచ్చని కొలత. వాహనాలు పెరిగితే చాలు, ఒక్క ప్రాణాన్ని కూడా కాపాడకపోయినా అది తగ్గుతుంది. పైగా పాదచారికి వాహనమే లేదు. వంద కోట్ల కిలోమీటర్లకు ఎంతమంది అన్నది మనిషి ప్రయాణించిన దూరానికి ఎంత ముప్పో చెబుతుంది. అమెరికాలో ఒక మైలుకు లెక్కవేస్తే మోటారు సైకిలు మీద చనిపోయే ముప్పు కారులోకన్నా 20 రెట్లకు పైనే ఉంటూ వస్తోంది. దీనికి జనం ఎంత దూరం వెళ్తున్నారో చెప్పే ప్రయాణ సర్వే కావాలి. నడక దూరాన్ని కొలిచే సర్వేలు చాలా దేశాల్లో లేవు. లేనప్పుడు ఊహించి భాగించకండి. సంఖ్యను సంఖ్యగానే ఇచ్చి, నడక దూరం లెక్క లేదని ఒక వాక్యం రాయండి.

వాటాతో ఇంకో చిక్కు: కారు మరణాలు తగ్గితే పాదచారుల సంఖ్య కదలకపోయినా వాళ్ల వాటా పెరుగుతుంది. కాబట్టి శాతం పక్కన ఎప్పుడూ అసలు సంఖ్య ఉంచండి. అమెరికాలో 2009లో 33,883 మంది మృతుల్లో పాదచారులు 4,109 మంది, సుమారు 12 శాతం. 2021కి పాదచారులు ఏడు వేలు దాటారు, వాటా 17 శాతానికి వచ్చింది. ఇక్కడ రెండూ పెరిగాయి, అందుకే ఆ పెరుగుదల నిజంగా భయపెట్టేది.

8. చిన్న సంఖ్యలతో తొందరపడకండి

ఒక పట్టణంలో ఒక ఏడాది 9 మంది సైకిలిస్టులు, మరుసటి ఏడాది 14 మంది చనిపోయారనుకుందాం. "56 శాతం పెరుగుదల" అని రాయాలనిపిస్తుంది. రెండు సంఖ్యలూ కలపండి: 23. దానికి వర్గమూలం సుమారు 4.8, రెట్టింపు చేస్తే 9.6. రెండేళ్ల మధ్య తేడా 5 మాత్రమే. తేడా ఈ రెట్టింపు సంఖ్యను దాటకపోతే అది ఒట్టి హెచ్చుతగ్గు కావచ్చు. మూడేళ్లో ఐదేళ్లో కలిపి, అంతకుముందు అన్నేళ్లతో పోల్చండి. ఆ 14 మందిలో ప్రతి ఒక్కరూ నిజం, వాళ్ల గురించి రాయాల్సిందే. రాయకూడనిది 'పెరుగుదల' అన్న మాట ఒక్కటే.

పోల్చడానికి 2020ని మొదటి ఏడాదిగా పెట్టుకోకండి. కొవిడ్ వల్ల జనం తిరగడమే మారిపోయింది. పైగా ఆ మార్పు అన్నిచోట్లా ఒకే దిశలో జరగలేదు. అమెరికాలో 2019లో 36,355గా ఉన్న మరణాలు, ప్రయాణాలు తగ్గిన 2020లో 39,007కు పెరిగాయి.

9. 'తెలియదు' గడిని పారెయ్యకండి

ఫైలులో -1, 99, 'ఇతరులు', 'వివరం లేదు' అని కనిపించేవాటిని చాలామంది ఫిల్టరులో తీసేస్తారు. వద్దు. వాటిని విడి వర్గంగా పట్టికలో చూపండి. అది 2 శాతమైతే సరే. 20 శాతమైతే మిగతా శాతాలన్నీ ఊగుతున్నాయని అర్థం. ఆ 20 శాతం గత పదేళ్లలో 5 శాతానికి తగ్గిందంటే, పాదచారుల 'పెరుగుదల'లో కొంత భాగం రికార్డు బాగుపడటమే.

సంఖ్యలు మారతాయి కూడా. అమెరికాలో 2021 మరణాలను మొదట విడుదలైన ఫైలు 42,939 అంది, తుది ఫైలు 43,230 అంది. ఆసుపత్రి నుంచి, పోలీసుల నుంచి ఆలస్యంగా వచ్చిన కాగితాలు కలిశాయి, అంతే. అందుకే ఫైలు తీసుకున్న తేదీని ఫైలు పేరులోనే పెట్టుకోండి. తాత్కాలికమా, తుదిదా అన్నది పట్టిక కిందే రాయండి. ఒక ఏడాది తుది సంఖ్యను మరుసటి ఏడాది తాత్కాలిక సంఖ్యతో పోలిస్తే లేని తగ్గుదల కనిపించవచ్చు.

10. రాసేటప్పుడు

ఒక సంఖ్య రాస్తే దానితో పాటు ఐదు వివరాలు ఇవ్వండి: ఏ దేశం లేదా ప్రాంతం, ఏ ఏడాది, ఎవరి రికార్డు, ఎన్ని రోజుల నిర్వచనం, ఏ గడిలో ఎవరెవరు ఉన్నారు. ఒక వాక్యంలో పట్టేస్తుంది. "2023లో బ్రిటన్ పోలీసు రికార్డు ప్రకారం, ప్రమాదం జరిగిన 30 రోజుల్లోపు చనిపోయిన పాదచారులు 405 మంది, సైకిలు తోసుకుంటూ వెళ్తున్నవాళ్లు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు ఇందులోకే వస్తారు."

క్రియ దగ్గర జాగ్రత్త. "పాదచారి కారు కింద పడ్డాడు" అని రాస్తే పడటం అతని పని అయిపోతుంది. "కారు ఢీకొని పాదచారి చనిపోయారు" అంటే పట్టికలో ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు. తప్పు ఎవరిదో ఈ ఫైలు చాలాసార్లు చెప్పదు, మీరూ చెప్పకండి.

పట్టికను, ఫిల్టర్ల క్రమాన్ని, వివరణ పత్రాన్ని ఒకే ఫోల్డరులో దాచండి. కొత్త ఏడాది ఫైలు వచ్చినప్పుడు ముందు పాత ఏడాది సంఖ్యనే మళ్లీ తీసి చూడండి. అది మారి ఉంటే మీ పాత పట్టికను సరిదిద్ది, దాన్ని మీరు ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ కొత్తది పంపండి.